పాదాలు వెళ్ళిన దారి

ఊఁ కొట్టేవారు ఉంటేనే కథ నడుస్తుంది. లేకపోతే గడప దగ్గరే చతికిలబడుతుంది. కనుక వినేవారు ఊఁ అనాలి. చూశామన్నవారు లేరు, లేదన్నవారూ లేరు: ఒకానొక కాలంలో ఒక నల్లకొండ, ఆ కొండ మీద ఒక మఠం, ఆ మఠం ముంగిట ఒక రాతిపలక. ఒకనాటి ఉదయం శంభులింగమనే శిష్యుడు ఆ పలక మీద బుట్టెడు పూలు కుమ్మరించాడు. చాలవనిపించి ఇంకొక బుట్ట తెచ్చాడు.

చూసినవారు దానిని భక్తి అనుకున్నారు. అది భయం.

ఆ పూల కింద ఉండవలసినవి ఆదెయ్యగారి పాదాలు. ఆదెయ్యగారు ఆ మఠానికి తొలిగురువు. బతికినన్నాళ్ళూ ఆయన నడుస్తూనే ఉన్నారు. ఏ ఊళ్ళోనూ నిలవలేదు. కప్పు కింద పడుకోవడం ఆయనకు సరిపడేది కాదు. చివరకు ఈ కొండ మీద దేహం విడిచినప్పుడు, శిష్యులు ఆయన పాదాలనైనా రాతిలో నిలుపుకోవాలనుకున్నారు. కొండరాయి నల్లనిది, ఉలి మొనలను విరిచేసేంత గట్టిది. అందుకని కింద ఏటి ఒడ్డు నుంచి మెత్తని నాపరాతి పలకను బండి మీద తెప్పించి, దాని మీద రెండు పాదాలు పలుచని గుంటలుగా చెక్కించారు. ఆయన ఇష్టాన్ని తలచుకొని పైన కప్పు వేయలేదు. ఏటేటా కార్తీకంలో ఆరాధన జరిగేది. ఆ నాడు పాదాల మీద ఊటనీరు పోసి, మడమల గుంటల్లో నిలిచిన నీటిని చుట్టుపక్కల ఊళ్ళవారికి తీర్థంగా ఇచ్చేవారు.

ఇప్పటి గురువు మరుళయ్యవారు. ఎండలు ముదిరే ముందు ఆయన దక్షిణాన ఉన్న శాఖామఠానికి ప్రయాణమయ్యారు. వెళ్ళే ముందు శంభులింగాన్ని పిలిచి, "పలకను చూసుకో నాయనా" అన్నారు.

శంభులింగం చూసుకున్నాడు. చెప్పినదానికంటే ఎక్కువగానే చూసుకున్నాడు.

తరతరాల వానలకు పలక మీద నల్లని చారలు కట్టాయి. వేళ్ళ సందుల్లో నాచు పట్టింది. అతని ఇంట్లో తల్లి ఇత్తడి బిందెలను చింతపండుతో తోమేది. తోమిన బిందె పొద్దుటి ఎండలో బంగారంలా ఉండేది. అది గుర్తుకు వచ్చి, అతడు చింతపండు నానబెట్టి, కొబ్బరి పీచుతో పలకనంతా తోమాడు. రాయి సన్నగా నురగ కక్కింది. మాలిన్యం పొంగి బయటకు వస్తున్నదని అతడు అనుకున్నాడు. కడిగి చూస్తే చారలు లేవు. మరునాడు మళ్ళీ తోమాడు. ఆ పైన అది అతని నిత్యసేవ అయింది.

మఠంలో వంట చూసే బసమ్మ చింతపండు జాడీలో చేయి పెట్టి, అడుగు తగిలి, ఒకరోజు అతనిని నిలేసింది.

"ఏమయ్యా శంభూ, నెల తప్పిందా ఏమిటి? ఇంత పులుపు ఎవరు తింటున్నారు?"

"తినడానికి కాదు బసమ్మా. పాదాలకు."

"పాదాలకు పులుసు పెడుతున్నావా? మనుషులకు చారు పలచన చేసి పోస్తున్నాను ఇక్కడ."

అతడు నవ్వలేదు. పాదాలు మెరుస్తున్నాయని దారిన పోయేవారు ఆగి చూస్తున్నారు. ఇన్ని తరాల శిష్యుల్లో ఈ పాదాలను ఇంత శ్రద్ధగా సేవించినవాడు మరొకడు లేడన్న తలపు అతనిలో మెల్లగా చోటు చేసుకుంది. గురువుగారు వచ్చి ఏమంటారో కూడా అతడు ముందే ఊహించుకున్నాడు.

వానలు వెలిశాయి. ఆరాధనకు ముందు అలవాటుగా ఒకసారి నీరు పోసి చూశాడు. నీరు మడమల్లో నిలవలేదు. తామరాకు మీదిలా జారిపోయింది. అతడు కూర్చొని అరచేతితో తడిమాడు. బొటనవేలు ఉండవలసిన చోట ఏమీ లేదు. వేళ్ళు లేవు, మడమ లేదు. పలక భోజనం చేసే పళ్ళెంలా నున్నగా ఉంది.

మరుళయ్యవారు కొండ దిగువకు చేరారని కబురు వచ్చింది. అప్పుడు తెచ్చాడు పూలబుట్టలు.

*

మరుళయ్యవారు మెట్లెక్కి వచ్చి, ఎప్పటిలాగే ముందు పలక దగ్గర కూర్చున్నారు. కుడిచేతిని పూల కిందికి పోనిచ్చారు. కొంతసేపు ఆ చేయి అక్కడే ఉంది.

"పూలు ఎక్కువయ్యాయి" అన్నారు.

శంభులింగం ఆయన ఎదుట మోకరిల్లాడు.

"నేను చింతపండుతో తోమాను అయ్యవారూ."

"ఎందుకు?"

"మెరవాలని."

"మెరిసిందా?"

"మెరిసింది."

మరుళయ్యవారు చేతికి అంటిన రేకులను దులుపుకున్నారు. కోపం వస్తుందని శంభులింగం ఎదురుచూశాడు, అది రాలేదు. రాకపోవడం అతనికి మరింత కష్టమైంది.

"ఆరాధన నాడు జనం వస్తారు. వారి ముఖం చూడలేను. మఠం విడిచి వెళ్ళిపోతాను, అనుమతి ఇవ్వండి" అన్నాడు.

"వెళ్దువుగాని. ముందు ఒక సంగతి తేల్చు. పాదాలు ఎక్కడికి వెళ్ళాయి?"

"ఎక్కడికీ వెళ్ళలేదు స్వామీ. అరిగిపోయాయి."

"అరిగినవి ఎక్కడికి వెళ్ళాయి?"



మరుళయ్యవారు లేచి, మఠం వెనుక కొండచరియ దగ్గరకు నడిచారు. అక్కడ ఊట పుడుతుంది. ఊట పక్కన నల్లరాతి నుంచి ఒక పెచ్చును వేళ్ళతోనే ఊడదీసి, శిష్యుని అరచేతిలో పెట్టారు.

"నలుపు."

శంభులింగం పిడికిలి బిగించాడు. ఉలులను విరిచే రాయి అటుకుల్లా నలిగి, మట్టి అయి, వేళ్ళ సందుల్లోంచి రాలింది.

"దీనిని ఎవరు తోమారు?" అని మరుళయ్యవారు అడిగారు.

"ఎవరూ తోమలేదు. ఇది వాన పడే చోటు."

"నీ చింతపండు నీళ్ళు ఉన్నాయా?"

ఉన్నాయి. ఆయన వాటిని తెప్పించి, గట్టిగా ఉన్న నల్లరాతి మీద కొంచెం పోశారు. నీళ్ళు జారిపోయాయి. నురగ రాలేదు. నాపరాతి పలక అంచున ఒక చుక్క వేశారు. చుక్క చుట్టూ సన్నని బుడగలు లేచాయి.

"వానలోనూ పులుపు ఉంటుంది" అన్నారు ఆయన.

"నేను చాలాసార్లు వాననీళ్ళు తాగాను. పులుపు తగలలేదు."

"నీ నాలుకకు తెలియదు. కొండకు తెలుస్తుంది."

"వానకు పులుపు ఎక్కడిది స్వామీ?"

మరుళయ్యవారు మఠం గోడల వైపు తిరిగారు.

"ఆరాధనకు గోడలకు వెల్ల వేయాలి. సముద్రం దగ్గర గుల్ల కాల్చి సున్నం చేస్తారు. తీసుకురా. ఏటి వెంబడే వెళ్ళు, అడ్డదారి వద్దు. దారిలో పాదాలు కనిపిస్తాయేమో చూడు" అన్నారు.

*

శంభులింగం నడిచాడు. ఊట వాగు అయింది, వాగు ఏరు అయింది. కొండ కింద నేల మెత్తని బంకమట్టి. కుమ్మరులు దానిని తవ్వుకుంటున్నారు. అది కొండ నుంచి దిగినదేనని అందులోని నల్లని రేణువులు చూస్తే తెలుస్తున్నది. కాని కొండలో ఉన్నదంతా ఆ మట్టిలో లేదు; మట్టి తెల్లబారి, సారం పోయినదానిలా ఉంది. మిగిలినది ఎటు పోయిందో అతనికి కనిపించలేదు. ఏటినీరు మాత్రం తేటగా ఉంది.

నాపరాతి నేలలో ఏటి ఒడ్డులు తొర్రలు పడి ఉన్నాయి. అక్కడ ఒక పూటకూళ్ళ ఇంటి ముందు ఒక ముసలామె నీళ్ళు కాచే కాగును బోర్లించి, లోపల కట్టిన తెల్లని పెచ్చును గరిటె కాడతో కొట్టి ఊడదీస్తున్నది.

"ఇది ఏమిటమ్మా?" అని అతడు అడిగాడు.

"ఏమిటని చెప్పను నాయనా. పొద్దున గీకుతాను, మళ్ళీ కడుతుంది. నా కోడలైనా ఎప్పుడో ఒకప్పుడు మాట వింటుంది కాని ఇది వినదు."

"ఎక్కడి నుంచి వస్తుంది?"

"నీళ్ళలోంచి. ఇంకెక్కడి నుంచి వస్తుంది, నేనేమైనా వేస్తానా?"

"ఏటినీరు తేటగా ఉంది కదా."

"తేటగానే ఉంటుంది. పొయ్యి మీద పెట్టు, తెలుస్తుంది. నువ్వు స్వామివా, పంతులువా? అన్నీ అడుగుతున్నావు."

శంభులింగం ఒక పెచ్చు తీసుకొని, వేళ్ళతో నలిపి చూశాడు. గట్టిగా, గరుకుగా ఉంది. రాయి. ఆమె దగ్గర కొంచెం చింతపండు రసం అడిగి పుచ్చుకొని దాని మీద వేశాడు. పెచ్చు నురగలెత్తింది. అతడు ఆ నురగ పూర్తిగా అణిగేదాకా చూశాడు. ముసలామె అతనిని చూసి, లోపలికి వెళ్ళి, అడగకుండానే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఎండదెబ్బ తగిలిందనుకున్నది.

ఏరు సముద్రంలో కలిసే చోట నీరు రెండు రంగులుగా ఉంది. ఇసుక మీద గవ్వలు, నత్తగుల్లలు, విరిగినవి, విరగనివి, గుట్టలు పడి ఉన్నాయి. లోతులేని నీటిలో ఒక నత్త తన గుల్లను మోసుకుంటూ పోతున్నది. గుల్ల అంచున కొత్తగా పెరిగిన చోటు పలుచగా, పాలిపోయి ఉంది. అది దానిని దేనితో కడుతున్నదో చూద్దామని శంభులింగం వంగాడు. దాని చుట్టూ నీరు తప్ప మరేమీ లేదు.

ఒడ్డు మీద బట్టీ ఉంది. పోలయ్య అనే ఆయన గుల్లను, బొగ్గును పొరలు పొరలుగా పేర్చి కాలుస్తున్నాడు.

"మఠానికి సున్నమా? స్వాములు పల్లకీ ఎక్కుతారని విన్నాను కాని సున్నం మోస్తారని వినలేదు" అన్నాడు పోలయ్య.

"ఇది నాకు పడిన పని" అన్నాడు శంభులింగం.

పోలయ్య కాలిన గుల్లను ఒకటి అతని చేతికి ఇచ్చాడు. ఆకారం అలాగే ఉంది. బరువు లేదు.

"బరువు ఏమైంది?"

"గాలిలో పోయింది."

"ఏమి పోయింది గాలిలో?"

"చేత్తో పట్టుకుంటే చెబుదును. ఇదిగో, కుండకు మూత బిగించాను. తడి తగలనివ్వకు, కుండ పగిలి వీపు కాలుతుంది. గాలి కూడా తగలనివ్వకు. మూత తీసి ఉంచావా, పోయినదంతా గాలిలోంచి మళ్ళీ లాక్కొని, మళ్ళీ రాయి అయి కూర్చుంటుంది. అప్పుడు గోడకు వేయడానికి పనికిరాదు, తలకు కొట్టుకోవడానికి పనికివస్తుంది."

శంభులింగం కాల్చని గుల్లను కూడా ఒకదానిని కొంగున కట్టుకున్నాడు. తిరుగుదారిలో ఒకచోట వాన పట్టుకుంది. చెట్టు లేదు, ఇల్లు లేదు. అతడు కుండను కడుపు కింద పెట్టుకొని, దాని మీద ఒంగి, వాన వెలిసేదాకా అలాగే ఉండిపోయాడు. అడ్డదారిన తన ఊరికి పోవచ్చునన్న ఆలోచన అప్పుడు వచ్చింది. వీపు మీద వాన కొడుతున్నది. వానకు పులుపు ఎక్కడిది? ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. వాన వెలిశాక లేచి, కుండను నెత్తిన పెట్టుకొని, కొండ వైపే నడిచాడు.

*

ఆరాధనకు ముందు రోజు మధ్యాహ్నం అతడు మఠం చేరాడు. వంటశాల వసారాలో మరుళయ్యవారు కూర్చొని ఉన్నారు. శంభులింగం కుండ దించి, కొంగులోని గుల్లను ఆయన ముందు పెట్టాడు. ఆయన అడగకముందే చింతపండు నీళ్ళు తెచ్చి దాని మీద వేశాడు. గుల్ల నురగలెత్తింది.

"కొండరాయి నురగలెత్తలేదు" అన్నారు మరుళయ్యవారు.

"లేదు."

"ఆ కొండ కరిగి ఏటిలో కలిసింది. ఏరు సముద్రంలో కలిసింది. సముద్రంలో ఆ నీటితో నత్త గుల్ల కట్టుకుంది. బయలుదేరినప్పుడు లేనిది చేరేసరికి ఉంది. దారిలో ఎవరిచ్చారు?"

శంభులింగం గుల్లను చూశాడు, కొండను చూశాడు. 

మరుళయ్యవారు ఒక గుల్లముక్కను కుండలోంచి తీయించి నీటిలో వేయించారు. నీళ్ళు బుసకొట్టి ఉడికాయి. అది చల్లారి, సున్నం అడుగున పేరుకొని, పైన తేట నిలిచేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. అప్పుడు ఆ తేటలోంచి కొంచెం ఒక చెంబులోకి వంచి, అందులో మరి కొంత వాననీరు కలిపించారు. పెరటిలోని ఆముదపు ఆకును తుంచి, బోలుగా ఉన్న దాని కాడను శిష్యునికి ఇచ్చారు.

"ఇందులో నీ ఊపిరి వదులు. నోట్లోకి పీల్చకు."

శంభులింగం ఊదాడు. నీరు బుడబుడలాడింది. తేటనీరు చూస్తూ ఉండగానే పాలలా తెల్లబడింది. అతడు ఉలిక్కిపడి కాడను నోటినుంచి తీశాడు. వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. గరుకుగా ఉంది. కాగులోని పెచ్చును నలిపినప్పుడు తగిలినది ఇదే.

"రాయి" అన్నాడు మెల్లగా.

"ఇంకా ఊదు."

అతడు ఊదాడు. దవడలు నొప్పి పుట్టేదాకా ఊదాడు. బసమ్మ కూరగాయల కత్తిపీట వదిలి వచ్చి చూసింది. "పిల్లనగ్రోవి నేర్పుతున్నారా అయ్యవారూ? నీళ్ళలో రాగం వినిపిస్తుందా?" అన్నది. తానూ గోడకు ఆనుకొని చూస్తూ నిలబడింది. పాల తెలుపు పలుచబడింది. ఇంకా పలుచబడింది. కొంతసేపటికి చెంబు అడుగు కనిపించింది.

శంభులింగం కాడను కింద పెట్టాడు.

"పోయింది" అన్నది బసమ్మ.

"పోలేదు" అన్నాడు శంభులింగం. "నీళ్ళలోనే ఉంది."

అతడు చెంబును తీసుకువెళ్ళి పొయ్యి మీద పెట్టాడు. నీరు మరిగింది. చెంబు గోడల మీద సన్నని తెల్లని పొర కట్టింది.

 శంభులింగం ఆ పొర మీద వేలు రాసి, పెరటిలోకి వెళ్ళి, తన నోటి ముందు అరచేయి పెట్టుకొని ఒకసారి ఊపిరి వదిలాడు. కొండ మీద ఆకాశం మబ్బు పట్టి ఉంది.

తిరిగి వచ్చి అన్నాడు: "వానకు పులుపు ఎక్కడిదని అడిగాను."

"అడిగావు."

"కొండకు దారిలో కలిసినది అదే. నా ఊపిరిది కూడా ఉంది అందులో."

"ఉంది. బసమ్మ పొయ్యి పొగదీ ఉంది. నువ్వు చూసిన సున్నపు బట్టీదీ ఉంది. భూమి అడుగున కూడా ఒక బట్టీ ఉందంటారు. అది కాల్చినదీ ఉంది."

బసమ్మ కొంగుతో ముఖం తుడుచుకున్నది.

"పొగ అంతా గాలిలోనే దుప్పటిలా కప్పుకొని ఉంటే ఉడికిపోతాము కదా అయ్యవారూ. పోయిన వేసవి చూశారుగా, కాకులు కూడా అరవలేదు."

"వేడి ముదిరితే వాన ముదురుతుంది. వాన ముదిరితే కొండ ఎక్కువగా కరుగుతుంది. కరిగినకొద్దీ గాలిలోనిది సముద్రానికి పోతుంది. అప్పుడు చల్లబడుతుంది."

"ఎప్పటికి?"

"కొండకు తొందర లేదు బసమ్మా."

"నాకు ఉంది" అన్నది బసమ్మ. "పొయ్యి దగ్గర కూర్చునేది నేను."

మరుళయ్యవారు ఆమె వైపు తిరిగి, తల వంచారు. 

*

ఆరాధన నాటి ఉదయం శంభులింగం గోడలకు వెల్ల వేశాడు. జనం మెట్లెక్కి రావడం మొదలుపెట్టేసరికి చివరి గోడ మిగిలింది. అది పూర్తిచేసి, చేతులు మాత్రం కడుక్కొని, నీటికుండ ఎత్తుకొని పలక దగ్గరకు వచ్చాడు. పలక మీద ఒక్క పువ్వు కూడా లేదు. అతడు ముందుగానే అన్నీ తీసివేశాడు.

ముందు వరుసలో కర్ర ఊతంగా నిలబడిన ఒక అవ్వ వంగి చూసింది.

"పాదాలేవి నాయనా? నా చూపు పోయిందా?"

"నీ చూపు పోలేదు అవ్వా. పాదాలే పోయాయి. మెరవాలని చింతపండుతో తోమి నేనే చెరిపాను."

జనంలో గుసగుస పుట్టింది. మఠానికి ఏటా ధాన్యం పంపే ఊరిపెద్ద ముందుకు వచ్చాడు.

"అయ్యవారూ, మా తాతలనాటి పాదాలు. ఇలాంటివాడిని మఠంలో ఉంచితే రేపు కొండను కూడా తోమేస్తాడు. పంపించివేయండి."

"పంపిద్దాం" అన్నారు మరుళయ్యవారు. "పలకను అప్పగించినది నేను. చింతపండు జాడీ బసమ్మది. ముగ్గురమూ వెళ్తాము."

వంటశాల గుమ్మంలోంచి బసమ్మ గొంతు వినిపించింది. "నేను వెళ్ళను. అన్నం ఉడుకుతోంది."

ఎవరో నవ్వారు. ఊరిపెద్ద నవ్వలేదు. మరుళయ్యవారు శిష్యుని వైపు తిరిగారు.

"ఎక్కడికి వెళ్ళాయో చూసి వచ్చావు కదా. వారికి చెప్పు."

"ఏటిలోకి దిగాయి" అన్నాడు శంభులింగం. "ఏటి నీళ్ళు కాచే కాగులో కొంత నిలిచింది. మిగిలినది సముద్రానికి చేరింది. అక్కడ నత్తలు దానిని ఇళ్ళుగా కట్టుకుంటున్నాయి. ఖాళీ అయిన ఇళ్ళను కాల్చి సున్నం చేస్తున్నారు." అతడు తెల్లని గోడల వైపు చూశాడు. "నేను తెచ్చిన సున్నంలో ఆదెయ్యగారిది ఎంత ఉందో నాకు తెలియదు."

అవ్వ కర్రను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నది.

"సమాధి అయినాక కూడా నడుస్తూనే ఉన్నాడన్న మాట మహానుభావుడు. నేను బతికి ఉండి ఈ మెట్లు ఎక్కలేకపోతున్నాను. సరే, తీర్థం పొయ్యి."

శంభులింగం నీరు పోశాడు. పలక మీద నిలవడానికి గుంట లేదు. నీరు అంచు వైపు జారింది. అతడు కుండను పక్కన పెట్టి, అంచు కింద దోసిలి పట్టి, అందులో నిలిచిన నీటిని అవ్వ అరచేతిలో పోశాడు. ఆమె తాగి, తడిచేతిని తలకు రాసుకుంది. ఆమె వెనుక మరొకరు చేయి చాపారు. ఊరిపెద్ద కొంతసేపు పక్కన నిలబడి, తరువాత వరుసలో చేరాడు.

ఎండ ఎక్కింది. గోడల మీది వెల్ల ఆరి తెల్లబడుతున్నది. చాలామంది తీర్థం పుచ్చుకొని పంక్తి వైపు వెళ్తున్నారు. అప్పుడు అవ్వ నేల మీద దేన్నో చూసి ఆగింది.

చివరి గోడ నుంచి పలక దాకా, నల్లరాతి మీద, వరుసగా పాదాలు ఉన్నాయి. తడిగా ఉన్నంతసేపు అవి ఎవరికీ కనిపించలేదు. ఆరినకొద్దీ ఒక్కొక్కటే తెల్లగా తేలుతున్నాయి. అయిదు వేళ్ళూ, మడమా స్పష్టంగా ఉన్నాయి.

అవ్వ కర్రను కింద పెట్టి, కష్టపడి వంగి, దగ్గరగా ఉన్న పాదాన్ని తాకి, వేళ్ళు కళ్ళకు అద్దుకున్నది. ఆమెను చూసి మరికొందరు వంగారు.

శంభులింగం తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అరికాళ్ళు సున్నంతో తెల్లగా ఉన్నాయి. అతని ముఖం కందిపోయింది. గబగబా వంటశాలలోకి వెళ్ళి, తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చొని మొదటి పాదం తుడవబోయాడు.

మరుళయ్యవారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఉండనీ" అన్నారు. "వాన చూసుకుంటుంది."

 శంభులింగం లేచి, గుడ్డను పిండి భుజం మీద వేసుకొని, పంక్తిలో విస్తళ్ళు వేయడానికి వెళ్ళాడు.

ఈ కథను నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ పేరిందేవమ్మ.